ఒకే కమతంలో మూడు నేలలు: కందుకూరు వైపు పొగాకు, శనగ, నిమ్మలో ఏది ఎక్కడ?

కమతం_9:

అన్నలకు నమస్కారం. కందుకూరు, సింగరాయకొండ మధ్యన తొమ్మిదెకరాలు ఒకే కట్టుగా ఉంది, నేల మాత్రం ఒకటి కాదు. పడమర 4 ఎకరాలు నల్లరేగడి, మూడడుగులు తవ్వినా నలుపే. మధ్యలో 3 ఎకరాలు ఎర్ర గరప, వాన వెలిసిన మర్నాడే గొర్రు తోలుకోవచ్చు. తూర్పు కొసన 2 ఎకరాలు ఇసుక, కాస్త పల్లం. ఎండాకాలంలో అక్కడ పైన తెల్లగా పూత లేస్తుంది.

భూసార పరీక్ష చేయించాను. నల్లరేగడి పీహెచ్ 8.2, ఈసీ (ఉప్పు కొలత) 0.4. ఎర్ర నేల పీహెచ్ 6.8, ఈసీ 0.1. ఇసుక ముక్క పీహెచ్ 8.0, ఈసీ 1.3. బోర్లు రెండు. ఎర్ర నేలలో ఉన్న మొదటి బోరు మే నెలలో కూడా గంటకు 5,000 లీటర్లు పోస్తుంది, నీళ్లు తియ్యగా ఉంటాయి, క్లోరైడు లీటరుకు 40 మిల్లీగ్రాములు. రెండోది రేగడికీ ఇసుకకూ మధ్య ఉంది, నీళ్లు చప్పగా ఉంటాయి, క్లోరైడు 210.

ఊళ్లో అందరిదీ ఒకటే మాట: ధర ఉంది కదా, తొమ్మిదెకరాలూ పొగాకు వేసెయ్యి అని. మాకు ఆకు కాల్చి ఆరబెట్టే సొంత బ్యారన్ లేదు, కౌలుకు దొరుకుతుంది. నా సందేహాలు ఇవి. రేగడిలో రెండో బోరు నీళ్లతో పొగాకు చేయొచ్చా? ఎర్ర నేలలో శనగ వేస్తే ఏమవుతుంది? నిమ్మ పెట్టాలని ఇంట్లో పట్టు. కానీ పక్క చేలో రేగడిలో పెట్టిన నిమ్మ ఆరేళ్లకే చెట్టు మొదలు దగ్గర బంక కారి ఒక్కొక్కటే చస్తోంది. అది తెగులా, నేల దోషమా? ఇసుక ముక్క గురించి ఎవరూ ఏమీ చెప్పడం లేదు.

గరపనేల:

రిపోర్టు ముందే పెట్టారు, సగం పని తగ్గింది. పొగాకు వరకు నేను చెప్తాను.

మొదట వాన సంగతి. ప్రకాశంలో ఏడాది సగటు 870 మిల్లీమీటర్ల దగ్గర. అందులో నైరుతి, ఈశాన్యం దాదాపు చెరి సగం. కిందికి నెల్లూరు పోయేకొద్దీ మొత్తం పెరుగుతుంది, ఈశాన్యం వాటా సగం దాటిపోతుంది. అంటే మన పక్క గట్టి వాన అక్టోబరు, నవంబరులో పడి డిసెంబరు మధ్యకు ఆగిపోతుంది. ఆ తర్వాత పంట బతికేది నేల దాచుకున్న తేమ మీద. మీటరు లోతు నల్లరేగడి మొక్క తాగగల నీరు 150 నుంచి 200 మిల్లీమీటర్లు పట్టుకుంటుంది. ఎర్ర గరప 80 నుంచి 100, ఇసుక అందులో సగం. మీ మూడు ముక్కలకూ ఒకే వాన పడుతుంది గానీ జనవరిలో మూడూ మూడు వేర్వేరు ఊళ్లలా ఉంటాయి. మిగతాదంతా ఇక్కడి నుంచే వస్తుంది.

ఇక పొగాకు. బ్యారన్‌లో కాల్చే వర్జీనియా పొగాకుకు మంచి ఆకు ఇచ్చేది మీ మధ్య 3 ఎకరాలే. కారణం నత్రజని. ఆకు బాగా పండి పసుపు తిరగాలంటే చెట్టుకు తల తుంచిన తర్వాత నేలలో నత్రజని అయిపోవాలి. గరప నేలలో అది సమయానికి అయిపోతుంది. రేగడిలో తేమ ఉన్నంత కాలం నత్రజని కొద్దికొద్దిగా అందుతూనే ఉంటుంది, ఆకు పచ్చదనం వదలదు. పండని ఆకును బ్యారన్‌లో పెట్టి ఎంత కాల్చినా పచ్చగానే ఆరుతుంది. రేగడి పొగాకు మన జిల్లాలో దశాబ్దాలుగా ఉంది, కాదనను. కానీ అక్కడ ఎరువంతా మొదటి నెలలోపే పడాలి. నలభయ్యో రోజున యూరియా చల్లితే మాత్రం లోగ్రేడ్ ఆకు చేతులారా తెచ్చుకున్నట్టే.

గరపలో ఎకరాకు 24 కిలోల నత్రజని సరిపోతుంది. నాటిన పది రోజులకు సగం, 25 నుంచి 30 రోజులకు సగం. పైన చల్లకండి. మొక్కకు నాలుగంగుళాల దూరంలో అటొకటి ఇటొకటి గుంత పొడిచి నాలుగంగుళాల లోతులో వేసి మూయాలి. ఎడం మీటరు సాలు, 60 సెంటీమీటర్ల మొక్క, ఎకరాకు 6,700 మొక్కల చిల్లర. నారు 50 నుంచి 60 రోజులది. నాట్లు అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు దాకా.

ఇప్పుడు అసలు ప్రశ్న, రెండో బోరు. లెక్క వేసి చూడండి. ఒక తడికి రెండంగుళాల నీళ్లు పెట్టారనుకుందాం. ఎకరాకు అది సుమారు 2 లక్షల లీటర్లు. లీటరుకు 210 మిల్లీగ్రాములంటే ఒక్క తడితో ఎకరంలోకి 42 కిలోల క్లోరైడు దిగింది. మామూలు పొటాష్ ఎరువైన మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో 47 శాతం దాకా క్లోరినే ఉంటుంది. అంటే మీరు ఒక్క తడి పెట్టడం 90 కిలోల మ్యూరేట్, దాదాపు రెండు బస్తాలు చల్లడంతో సమానం. మొదటి బోరుతో అదే తడికి 8 కిలోలు. పొగాకుకు పెట్టే నీళ్లలో క్లోరైడు 50 లోపు ఉంటే మంచిది, వంద దాటితే దగ్గరికి రానివ్వొద్దు.

ఇంత భయం ఎందుకంటే, పొగాకు క్లోరైడును ఆకులో కూడబెట్టుకుంటుంది. ఆరిన ఆకులో అది ఒకటిన్నర శాతం దాటితే ఆకు గాలిలో తేమ లాగుతుంది, చెమ్మగా తోలులా తయారవుతుంది, బేలులో రంగు మాడిపోతుంది, కాల్చితే సరిగా మండదు. చేలో నిలబడి చూస్తే ఏమీ తెలియదు. ఇంకా చెప్పాలంటే క్లోరైడు తిన్న ఆకు చేలో దళసరిగా, నిగనిగలాడుతూ ఉంటుంది, చూసినవాళ్లు మెచ్చుకుంటారు కూడా. వేలంలో కొనేవాడు చేత్తో పట్టుకున్నప్పుడు బయటపడుతుంది.

కమతం_9:

లెక్క చూసి గుండె జారింది. మరి చెరువు నీళ్లయితే? పొటాష్ ఏది వాడాలి? ఎరువుల కొట్టులో 10-26-26 కాంప్లెక్సు ఎరువు ఇస్తామంటున్నారు.

గరపనేల:

వాన నిండిన చెరువు నీళ్లు బంగారం. కానీ ఫిబ్రవరిలో అడుగంటినప్పుడు అవే నీళ్లలో ఉప్పు చిక్కబడుతుంది. వాడే ముందు మళ్లీ పరీక్ష చేయించాలి.

10-26-26 వద్దు. మన దగ్గర దొరికే గుళికల కాంప్లెక్సుల్లో పొటాష్ ఉన్నవి, 17-17-17, 14-35-14 లాంటివి, మామూలుగా మ్యూరేట్‌తో చేసినవే. బస్తా మీద క్లోరిన్ అని పెద్దక్షరాలతో రాయరు. పొగాకుకు పొటాష్ అంటే సల్ఫేట్ ఆఫ్ పొటాష్ ఒక్కటే. అందులో సగం పొటాష్, 17 శాతం పైన గంధకం. ఎకరాకు 24 కిలోల పొటాష్ కావాలంటే 48 కిలోలు, అంటే ఒక బస్తా. భాస్వరానికి డీఏపీ, పైపాటు నత్రజనికి కాల్షియం అమ్మోనియం నైట్రేట్. అమ్మోనియం క్లోరైడ్ పేరు కూడా ఎత్తకండి.

ఇంకోటి, గరపలో ఏటా పొగాకు మీద పొగాకు వేస్తే మల్లె దిగుతుంది. పొగాకు వేరు మీద బతికే కలుపు అది, కొందరు బోడు అంటారు. తెల్లటి మొటిక పైకి వచ్చి పూసేలోపే పీకి చేను బయట కాల్చెయ్యాలి. గట్టు మీద పడేస్తే అక్కడే గింజ పండుతుంది, ఆ గింజ దుమ్ములా ఉండి నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది. నువ్వులు, పెసర ముందు పంటగా వేస్తే ఆ గింజ మోసపోయి మొలిచి ఆధారం లేక చస్తుంది. ముందు పంటకు జూన్ వాన చాలు.

రేగడి_మన్ను:

శనగ సంగతి నాకు వదిలెయ్యండి. ఆ నాలుగెకరాల రేగడికి శనగే తగింది. ఒకప్పుడు పొగాకు తప్ప ఇంకోటి ఎరగని ఒంగోలు, నాగులుప్పలపాడు రేగళ్లు శనగకు మళ్లింది ఊరికే కాదు. బ్యారన్ లేదు, కట్టె లేదు, కూలీ తక్కువ, నీళ్లు అక్కర్లేదు.

నీళ్లు ఎందుకు అక్కర్లేదో చూడండి. శనగకు మొత్తం పంటకాలానికి 200 నుంచి 250 మిల్లీమీటర్ల నీరు చాలు. పైన అన్న చెప్పినట్టు మీ రేగడి మీటరు లోతులో 150 నుంచి 200 పట్టుకుని కూర్చుంటుంది. విత్తాక ఒక చిరుజల్లు, తెల్లారి మంచు కలిస్తే సరి. వేరు కూడా తేమను వెతుక్కుంటూ కిందికి పోయే జాతి. అదే ఎర్ర గరపలో వేస్తే పూత దాకా కళకళలాడుతుంది, కాయ ఊరే వేళకు నేల ఖాళీ. గింజ చొట్టబోతుంది.

విత్తేది అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు మూడో వారం. ఇక్కడ రేగడితో ఒక చిక్కు ఉంది. వాన వెలిసినా వారం రోజులు కాలు పెట్టనివ్వదు. పదును వచ్చేలోపు ఇంకో వాయుగుండం వస్తే మళ్లీ వారం. అలా జరుగుతూ డిసెంబరులో విత్తితే తొంభై, వంద రోజుల పంట మార్చి ఎండలోకి వెళ్తుంది. కాయ ఊరేటప్పుడు పగలు 35 డిగ్రీలు దాటితే గింజ నిండదు. మన తీరంలో చలికాలమే చిన్నది. రాయలసీమ వాళ్లకు దొరికే చల్లటి రాత్రులు మనకు లేవు. అందుకే ఇక్కడ వారం ఆలస్యం అక్కడి రెండు వారాలతో సమానమని నా లెక్క.

తడి మన్నులో ఆత్రపడి ట్రాక్టరు తోలితే గింజ చుట్టూ మట్టి అద్దంలా బిగుసుకుంటుంది, మొలక చీల్చుకు రాలేదు. పిడికెడు మన్ను పిసికి వదిలితే చేతికి అంటకుండా పగలాలి. అదీ పదును. గింజ మూడు నాలుగంగుళాల లోతున తేమలో పడాలి.

విత్తనం లెక్క: సాలు మధ్య 30, మొక్క మధ్య 10 సెంటీమీటర్లంటే ఎకరాకు 1.33 లక్షల మొక్కలు. జేజీ 11 అనే దేశవాళీ శనగ రకానికి వంద గింజల బరువు 22 గ్రాములు వేసుకున్నా ఎకరాకు 29 కిలోలు. కాక్ 2 లాంటి తెల్ల శనగ గింజ లావు, వంద గింజలు 38 గ్రాములు, అందుకే 50 కిలోలు. జేజీ 11 లెక్కతో తెల్ల శనగ విత్తి చేను పలచన అయిందని విత్తన కంపెనీని తిట్టేవాళ్లున్నారు. తెల్ల శనగకు తోలు పలచన, తడి నేలలో ఇట్టే కుళ్లుతుంది. విత్తనశుద్ధి లేకుండా దాన్ని నేలలో వేయొద్దు. ముందు శిలీంద్రనాశిని పట్టించి ఆరనిచ్చి, విత్తే ముందు రైజోబియం (గాలిలోని నత్రజని పట్టే బ్యాక్టీరియా) పట్టించాలి. రెండూ ఒకేసారి కలిపితే రైజోబియం చస్తుంది.

ఎరువు ఎకరాకు 18 కిలోల యూరియా, 125 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ దుక్కిలో. డీఏపీ వేసినా భాస్వరం అందుతుంది గానీ సూపర్‌లో ఉన్న గంధకం రాదు. పైపాటు యూరియా అసలు వద్దు, ఆకు పెరిగి కాయ తగ్గుతుంది. కలుపుకు విత్తిన మర్నాటి లోపు పెండిమిథాలిన్ 30 శాతం ఒక లీటరు, 200 లీటర్ల నీళ్లలో. మినుము, పెసరలో కొట్టే ఇమాజితాపిర్ మిగిలిందని శనగ మీద కొట్టకండి, మొక్క గిడసబారి లేవదు. ఏటా ఎక్కడో ఒకచోట ఈ పొరపాటు జరుగుతూనే ఉంది. అన్నీ కుదిరితే రేగడిలో ఎకరాకు 8 నుంచి 10 క్వింటాళ్లు.

రెండో బోరు నీళ్లు దీనికీ వద్దు. ఉప్పుకు శనగ అంత సుకుమారం ఇంకోటి లేదు. ఆకు అంచులు ఎర్రబారి కింది నుంచి ఎండుకుంటూ వస్తాయి, చాలామంది దాన్ని తెగులనుకుని మందు కొడతారు.

చెలక_శనగ:

రేగడి అన్నా, ఎర్ర నేలలో శనగ రాదని తేల్చేశారు. ఆయనకు తియ్యటి బోరు ఉంది కదా. తుంపర పరికరాలతో రెండు తడులు పెడితే ఎర్ర గరపలోనూ 7, 8 క్వింటాళ్లు తీయొచ్చు. పైగా వానైన మర్నాడే విత్తుకోవచ్చు, ఆలస్యం బాధ లేదు.

రేగడి_మన్ను:

మీ మాట ఒప్పుకుంటాను, నీళ్లున్న చోట వస్తుంది. కాకపోతే తడి ఎప్పుడన్నది ముఖ్యం. 30 నుంచి 35 రోజులకు కొమ్మ వేసేటప్పుడు ఒకటి, 55 నుంచి 60 రోజులకు కాయ ఊరేటప్పుడు ఒకటి. మధ్యలో నిండు పూత మీద పెడితే పూత రాలి మళ్లీ ఆకు తొడుగుతుంది. తుంపర్లు మరీ చెరుపు: ఆకు మీద ఊరే పుల్లటి శనగ పులుసు కడుక్కుపోతుంది, పూత తడిసి ముద్దవుతుంది. గరపలో నీరు నిలవదు కాబట్టి తడికి అంగుళం చాలు. ఇంతా చేసి ఎర్ర నేలలో శనగ వేసేకన్నా ఆ బోరు మీద ఇంకా విలువైన పంట పెట్టుకోవచ్చు కదా అన్నదే నా మాట.

గూడూరు_నిమ్మ:

ఆ విలువైన పంట నిమ్మ అనుకుంటే కొంచెం ఆగండి. ముందు పక్క చేలో చచ్చే చెట్ల సంగతి. అది తెగులే, దాన్ని పిలిచింది నేల. చెట్టు మొదలు దగ్గర బంక కారడం ఫైటోఫ్తొరా శిలీంద్రం పని. వేరు చుట్టూ నీళ్లు ఒకటి రెండు రోజులు నిలిస్తే చాలు దానికి. నవంబరు ముసుర్లలో రేగడిలో వారం నిలుస్తాయి. బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) రెండడుగుల ఎత్తు దాకా పూస్తే కొంత కాలం నెట్టుకురావచ్చు, నేల మారదు కదా. గూడూరు, పొదలకూరు, సైదాపురం వైపు నిమ్మ నిలబడింది నీరు దిగే ఎర్ర నేలల మీద.

అయితే ఎర్ర నేల అంతా నిమ్మ నేల కాదు. పైన అడుగున్నర ఎర్రగా ఉండి కింద గట్టి సున్నపు పొర ఉండే చోట్లు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. మూడెకరాల్లో మూడు చోట్ల ఆరడుగుల గుంత తవ్వించండి. అడుగుకొక నమూనా తీసి విడివిడిగా సంచుల్లో పెట్టి పరీక్షకు పంపాలి. గుంత గోడ మీద తెల్లటి గుల్ల కనబడితే దాని మీద పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం నాలుగు చుక్కలు వేయండి. బుసబుసమని పొంగితే సున్నం. నాలుగడుగుల లోపు అలాంటి పొర ఉంటే నిమ్మ ఆలోచన మానుకోవాలి. అయిదో ఏట వేరు పొరను తాకుతుంది, కొత్త ఆకులు ఈనెలు పచ్చగా మిగతాది పసుపుగా అవుతాయి, ఇనుము, జింకు ఎంత కొట్టినా మూణ్ణాళ్ల ముచ్చటే. గుంతలో నీళ్లు నింపి మర్నాడు చూడండి. ఇంకా నిలిచి ఉంటే అదే జవాబు.

నేల బాగుంటే నీటి లెక్క. 6 మీటర్ల ఎడంలో ఎకరాకు 111 చెట్లు, మూడెకరాలకు 333. ఎదిగిన చెట్టు మండువేసవిలో రోజుకు వంద లీటర్ల దాకా తాగుతుంది, అంటే 33,000 లీటర్లు. మీ బోరు గంటకు 5,000 పోస్తే ఆరున్నర గంటలు నడవాలి. డ్రిప్ ఉంటే సరిపోతుంది, పాదుల్లో పారిస్తే చాలదు. అందులో మళ్లీ పొగాకుకో శనగకో నీళ్లు తీయాలంటే కుదరదు. ఒకటే బోరు, ఒకటే పంట అనుకోండి.

ఇక్కడ కాలం పెట్టే తిరకాసు ఒకటుంది. నిమ్మకు ధర ఏప్రిల్, మేలో. పూసిన అయిదారు నెలలకు కాయ వస్తుంది కాబట్టి వేసవి కాయ కావాలంటే అక్టోబరు, నవంబరులో పూయాలి. పూయాలంటే ముందు చెట్టు కొన్నాళ్లు వాడాలి. సరిగ్గా అప్పుడే మనకు ముసురు! మహారాష్ట్రలో చేసినట్టు సెప్టెంబరులో నీళ్లు ఆపి కూర్చుంటే ఇక్కడ ఆకాశం మన మాట వినదు. అందుకే మందులతో సాయం చేయాలి. జూన్‌లో జిబ్బరిల్లిక్ ఆమ్లం 50 పీపీఎం (లీటరుకు 50 మిల్లీగ్రాములు) పిచికారీ చేస్తే అకాలపు పూత ఆగుతుంది. సెప్టెంబరులో ఎదుగుదల తగ్గించే సైకోసిల్ 1000 పీపీఎం. అక్టోబరులో పొటాషియం నైట్రేట్ లీటరుకు 10 గ్రాములు. తేలిక నేలలో వానల మధ్య వారం తెరిపి దొరికినా చెట్టు కొంచెం వాడుతుంది కాబట్టి ఈ పద్ధతి పనిచేస్తుంది. బరువు నేలలో చెట్టు వాడదు, చివరికి మందుల ఖర్చు దండగే.

రకాలు బాలాజీ, పెట్లూరు సెలక్షన్-1. గజ్జి తెగులును బాలాజీ తట్టుకుంటుంది, మన ముసురు వాతావరణంలో అది పెద్ద లాభమే. గజ్జి కనబడితే పది లీటర్ల నీటికి కాపర్ ఆక్సీక్లోరైడ్ 30 గ్రాములు. ఆకుముడత పురుగును వదిలేస్తే అది గీసిన గాట్లలోంచే గజ్జి లోపలికి పోతుంది, రెండింటినీ కలిపి చూసుకోవాలి. మొక్క నాటేటప్పుడు మొదలు మట్టిలో పూడ్చొద్దు, అంటు కట్టిందయితే కట్టు నేలకు అరడుగు పైనే ఉండాలి.

కమతం_9:

గుంతలు ఈ నెలలోనే తవ్విస్తాను. ఇసుక ముక్క? ఇంకొకరు ఫోనులో బర్లీ రకం పొగాకు వెయ్యి, దానికి బ్యారన్ అక్కర్లేదు అంటున్నారు.

తీరం_గాలి:

బర్లీ గాలికి ఆరేది, బ్యారన్ అక్కర్లేదన్నది నిజమే. రేగడిలో బాగానే పండుతుంది. కొనేవాడి సంగతి చూసుకోండి. 2025లో నల్ల బర్లీకి కొనుగోలుదారులు వెనకడుగు వేస్తే చివరికి ప్రభుత్వం తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌తో కొనిపించాల్సి వచ్చింది. ఎవరు కొంటారో కాగితం మీద లేకుండా నారు పోయొద్దు. వర్జీనియా అయినా పొగాకు బోర్డు దగ్గర నమోదు, బ్యారన్‌కు ఇచ్చిన కోటా ఉండాలి. బ్యారన్ కౌలుకు తీసుకునేటప్పుడు గోడలు, గొట్టాలతో పాటు దాని పేరు మీద ఆ ఏడు ఎన్ని కిలోలకు అనుమతి ఉందో చూడండి. కోటా మించి పండితే అపరాధ రుసుము మీ నెత్తినే.

ఇసుక ముక్క ఈసీ 1.3, పైన తెల్ల పూత, పీహెచ్ 8.0. ఇది పాలచౌడు, అంటే ఉప్పు చేరిన నేల. కారుచౌడు (క్షారపు నేల) కాదు కాబట్టి జిప్సం బస్తాలు మోయకండి. ఇక్కడ కావాల్సింది ఉప్పును కడిగే తియ్యటి నీరు. ఈశాన్య వాన ఆ పని ఉచితంగా చేస్తుంది, మీరు చేయాల్సింది నీరు బయటికి పోయే కాలువ తీయడం. పల్లం అన్నారు కాబట్టి తూర్పు గట్టు వెంట రెండడుగుల లోతు కాలువ లేకపోతే కడిగిన ఉప్పు అక్కడే నిలిచి ఫిబ్రవరిలో మళ్లీ పైకి పాకుతుంది. చుట్టుపక్కల రొయ్యల చెరువు ఉందా? ఉంటే దాని ఊట ఎటు వస్తోందో ముందు చూడండి, అదే ఉప్పుకు మూలం కావచ్చు, రెండో బోరు చప్పదనానికి కూడా.

అక్కడ సరుగుడు పెట్టండి. సర్వి అంటాం కదా, అదే. ఇసుకను, ఉప్పుగాలిని తట్టుకుంటుంది, వేరు బుడిపెలతో నత్రజని తనే సంపాదించుకుంటుంది. వానలు మొదలవగానే మొక్క నాటాలి. మీటరు ఎడంలో ఎకరాకు 4,000. లావు కర్ర కావాలంటే మీటరున్నర ఎడం, 1,800. మొదటి వేసవిలో నెలకు రెండు మూడు సార్లు నీళ్లు పోస్తే తర్వాత దానంతటదే పెరిగి మూడు నాలుగేళ్లకు కోతకు వస్తుంది. రెండో బోరు నీళ్లు దీనికి పనికొస్తాయి, మీ దగ్గర దానికున్న ఉపయోగం అదొక్కటే. కింది కొమ్మలు చెక్కేటప్పుడు కాండం మీద గాయం చేయొద్దు. గాయంలోంచి బెరడు బొబ్బ తెగులు పోతుంది, బెరడు కింద నల్లటి పొడి చేరి చెట్టు నిలువునా ఎండుతుంది. సుబాబుల్ మాత్రం అక్కడ వద్దు. అది మీ రేగడిలో అయితే పెరుగుతుంది, పల్లంలో నీళ్లు నిలిస్తే చస్తుంది.

ఒక మాట రేగడి అన్నకు కూడా. తుపాను లెక్క వదిలేశారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కొత్తగా మొలిచిన శనగ రేగళ్లలో నీళ్ల కింద పడింది. రేగడిలో ప్రతి పది సాళ్లకు ఒక బోదె, అన్నీ ఒక మురుగు కాలువలో కలిసేలా విత్తే రోజే తీయాలి. వాన వచ్చాక పారతో పరిగెత్తితే ఆ మట్టిలో కాలు రాదు. పొగాకు కూడా అంతే. ఒకటిన్నర రోజు వేరు నీళ్లలో ఉంటే, ఎండ వచ్చిన మధ్యాహ్నం ఆకు ఉడికించినట్టు వాలిపోతుంది, చాలా మొక్కలు మళ్లీ లేవవు. గరపలో మొక్క బతుకుతుంది గానీ ఎరువు కిందికి కొట్టుకుపోతుంది. అక్కడ తుపాను తర్వాత ఎకరాకు 8 నుంచి 10 కిలోల నత్రజని మళ్లీ ఇవ్వాలి, అదీ నాటిన నెల లోపు అయితేనే.

రేగడి_మన్ను:

బోదెల మాట నిజం, నేను మర్చిపోయాను. తెల్ల శనగ వేస్తే ఇంకొకటి: ఇంట్లో మూటలు కట్టి ఉంచితే పుచ్చు పడుతుంది, రంగు మాగి ధర తగ్గుతుంది. శీతల గిడ్డంగిలో చోటు ముందే మాట్లాడుకోండి. కొరికితే టకీమని విరిగేదాకా ఆరిన తర్వాతే బస్తాలకెత్తాలి.

కమతం_9:

అందరికీ ధన్యవాదాలు. రేగడికి శనగ, ఇసుకకు సరుగుడు ఖాయం. ఎర్ర మూడెకరాలు గుంతల్లో ఏం తేలుతుందో చూసి నిమ్మా, పొగాకా అన్నది తేలుస్తాను. మొదటి బోరు నీళ్లు పోయినేడు నవంబరులో పరీక్ష చేయించినవి. మళ్లీ చేయించాలా?

గరపనేల:

తప్పకుండా చేయించాలి, నవంబరు లెక్క మిమ్మల్ని మోసం చేస్తుంది. వాన నీరు చేరి పలచబడ్డ నీళ్లవి. పొగాకుకు తడి పెట్టేది డిసెంబరు, జనవరిలో, నిమ్మకు ఏప్రిల్, మేలో. తీరానికి ఇంత దగ్గర బోర్లలో నీటిమట్టం దిగేకొద్దీ ఉప్పు పెరుగుతుంది. మే మూడో వారంలో ఒకటి, జనవరిలో ఒకటి తీయండి. మోటారు అరగంట నడిచాక, లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, గాలి బుడగ మిగలకుండా నింపి మూత బిగించండి. శీతల పానీయం సీసా వాడితే తీపి పోయేదాకా కడగాలి. సీసా మీద బోరు పేరు, తేదీ, లోతు రాసి రెండు రోజుల్లో పరీక్ష కేంద్రానికి చేర్చండి. ఈసీ ఒక్కటే చూసి పంపిస్తారు కొన్నిచోట్ల. క్లోరైడు, కార్బొనేటు, బైకార్బొనేటు విడిగా కావాలని కాగితం మీద రాసివ్వండి.